కొలిస్తేనే కోలుకుంటుంది నేల

పురుగుమందునూ ముడిచమురునూ తిని అరిగించుకునే సూక్ష్మజీవులకు మట్టిలో కొదవ లేదు. కోనసీమకు ముందుగా కావలసింది సీసాల్లో అమ్మే బ్యాక్టీరియా కాదు. ఏ పొలంలో ఏముందో, ఎంత తగ్గిందో చెప్పగలిగే ప్రయోగశాల.

1995 జనవరి 8 సాయంత్రం పాశర్లపూడి దగ్గర ఓఎన్‌జీసీ తవ్వుతున్న బావిలోంచి గ్యాస్ ఒక్కసారిగా తన్నుకొచ్చి అంటుకుంది. ఆ మంట ఆరడానికి 65 రోజులు పట్టింది. 2014 జూన్ 27 తెల్లవారుజామున మామిడికుదురు మండలం నగరం గ్రామంలో గెయిల్ పైపులైను నుంచి లీకైన గ్యాస్ అంటుకుని ఇరవై మందికి పైగా ప్రాణాలు తీసింది. ఈ రెండు తేదీలనూ అమలాపురం, రాజోలు ప్రాంతాల్లో పెద్దవాళ్లెవరూ మరిచిపోలేదు. మంట ఎప్పుడు రేగిందో, ఎప్పుడు ఆరిందో రాసిపెట్టుకోవచ్చు. మట్టిలోకి కొద్దికొద్దిగా ఇంకేవాటికి అలాంటి తేదీలు ఉండవు. పైపులోంచి కారిన నూనె, వరి మళ్లలో ఏళ్ల తరబడి చల్లిన గుళికలు, రొయ్యల చెరువుల్లో కలిపిన మందులు, మురుగు కాలువల్లోంచి ఎగదన్నే సముద్రపు ఉప్పు ఏ పత్రికలోనూ పతాక శీర్షిక కావు. వాటివల్ల నేల ఎంత దెబ్బతింది, ఎంతవరకు తేరుకుంది అని అడిగితే జవాబు చెప్పే యంత్రాంగం జిల్లా స్థాయిలో కనిపించదు. తేరుకునే శక్తి మాత్రం ఆ నేలలోనే ఉంది. చిటికెడు మట్టిలో కోట్ల కొద్దీ బ్యాక్టీరియా ఉంటాయి. వాటిలో కొన్ని మనం విషమనుకునే పదార్థాన్నే ఆహారంగా మార్చుకుంటాయి. ఈ మాట కొత్తది కాదు, యాభై ఏళ్లుగా ప్రయోగశాలల్లో రుజువవుతున్నదే. ఆ సామర్థ్యాన్ని నమ్ముకోవడం ఒక ఎత్తు, అది మన పొలంలో నిజంగా పనిచేస్తోందో లేదో తేల్చుకోవడం ఇంకో ఎత్తు. ఇప్పుడు మన లోటు ఈ రెండో దాంట్లోనే ఉంది.

మందు పనిచేయలేదన్న ఫిర్యాదు నుంచే

ఈ శాస్త్రంలో ఒక పెద్ద మలుపు వరిమడిలోనే మొదలైంది. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థలో 1960ల చివర సుడిదోమ మీద డయాజినాన్ అనే మందు వాడేవారు. మొదట్లో బాగా పనిచేసిన మందు, అదే మడిలో మళ్లీ మళ్లీ వేసేసరికి పట్టు కోల్పోయింది. పురుగు మొండికేసిందనో, మందు కల్తీదనో అనుకుని ఊరుకుంటే కథ అక్కడితో ముగిసేది. అక్కడ పనిచేస్తున్న భారతీయ శాస్త్రవేత్త ఎన్. సేతునాథన్ మడిలోని మట్టినీ నీటినీ పరీక్షకు పెట్టారు. మందు వేసిన మడి నీటిలో డయాజినాన్ రోజుల్లో మాయమవుతోంది. అంతకుముందు మందు ఎరగని మడిలో అంత వేగంగా తగ్గడం లేదు. మందును కొరుక్కుతినే ఫ్లేవోబ్యాక్టీరియం అనే బ్యాక్టీరియాను ఆ మడి నుంచే వేరుచేసి, అది డయాజినాన్‌నూ పారాథియాన్ అనే మరో పురుగుమందునూ రెండింటినీ ముక్కలు చేస్తోందని సేతునాథన్, ఆయన సహ పరిశోధకుడు యోషిదా 1973లో ప్రకటించారు. తర్వాత సేతునాథన్ కటక్‌లోని కేంద్ర వరి పరిశోధన సంస్థలో ఈ పనిని కొనసాగించారు. సుడిదోమ మీద మందు పనిచేయలేదన్న ఫిర్యాదు గోదావరి జిల్లాల రైతులకు కొత్త కాదు. ఆ ఫిర్యాదును మట్టి పరీక్షతో ముడిపెట్టి చూడడం మాత్రం ఇక్కడ ఇంకా అలవాటు కాలేదు.

ఆ బ్యాక్టీరియా లోపల ఏం జరుగుతోందన్న ప్రశ్నకు జవాబు వెతికినవారిలో తెలుగు నేల మీది ప్రయోగశాలకూ భాగముంది. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో దయానంద సిద్దవట్టం బృందం ఈ రెండు మందులూ చేరే ఆర్గానోఫాస్ఫేట్ తరగతి మందులను విడగొట్టే ఓపీడీ అనే జన్యువు మీద దీర్ఘకాలం పనిచేసింది. ఈ జన్యువు తయారుచేసే ఎంజైము పారాథియాన్ అణువులో భాస్వరం దగ్గరి బంధాన్ని తెంపుతుంది. ఒక ముక్క పారానైట్రోఫీనాల్‌గా విడిపోయి పరీక్షనాళికలో పసుపు రంగు తేలుతుంది. విచిత్రమేమంటే, ఫిలిప్పీన్స్ వరిమడిలో దొరికిన బ్యాక్టీరియాలోనూ, వేల మైళ్ల దూరాన అమెరికాలో దొరికిన వేరే జాతి బ్యాక్టీరియాలోనూ ఇదే జన్యువు దాదాపు తేడా లేకుండా ఉంది. అది ఉన్నది ప్లాస్మిడ్ల మీద, అంటే ఒక బ్యాక్టీరియా నుంచి ఇంకోదానికి చేతులు మారగల చిన్న డీఎన్ఏ వలయాల మీద. ఫ్లేవోబ్యాక్టీరియంలో అది చోటు మారగల ట్రాన్స్‌పోజాన్ తరహా అమరికలో ఉందని 2003లో సిద్దవట్టం బృందమే చూపించింది. ఆర్గానోఫాస్ఫేట్ మందులు పొలాల్లోకి వచ్చి నూరేళ్లు కూడా కాలేదు. అంత తక్కువ కాలంలోనే మట్టి వాటిని విరిచే పనిముట్టును సంపాదించుకుంది, ఇరుగుపొరుగుకు పంచుకుంది. మట్టికి నేర్చుకునే గుణం ఉందని చెప్పడానికి ఇంతకన్నా గట్టి సాక్ష్యం అక్కర్లేదు.

సుబ్బారావు మొదట కొలిచారు

మట్టిలోని సూక్ష్మజీవులకూ మందుల ప్రయోగశాలకూ ఉన్న బంధం గోదావరి జిల్లాలవారికి మరీ దగ్గరిది. భీమవరంలో 1895లో పుట్టి రాజమహేంద్రవరంలో చదువుకున్న యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ సంస్థలో పరిశోధనలకు నాయకత్వం వహించారు. ఆయన హయాంలోనే బెంజమిన్ డగ్గర్, మిస్సోరీ విశ్వవిద్యాలయానికి చెందిన శాన్‌బార్న్ క్షేత్రపు మట్టి నుంచి ఒక స్ట్రెప్టోమైసిస్‌ను వేరుచేశారు. దాని నుంచే ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్ వచ్చింది. టెట్రాసైక్లిన్ కుటుంబంలో అదే మొదటి మందు. 1948లో అది లోకానికి తెలిసింది, ఆ ఏడే ఆగస్టులో సుబ్బారావు కన్నుమూశారు. ఈ కథను మనం తరచూ చెప్పుకుంటాం. దానికి ముందరి అధ్యాయాన్ని మాత్రం తక్కువ తలుచుకుంటాం. సుబ్బారావు పేరు శాస్త్రలోకంలో తొలిసారి నిలబడింది ఏ మందుతోనూ కాదు, ఒక కొలతతో. శరీరద్రవాల్లో భాస్వరం ఎంతుందో నీలిరంగు గాఢతను బట్టి లెక్కగట్టే పద్ధతిని ఆయన హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి 1925లో ప్రచురించారు. కండరంలో ఫాస్ఫోక్రియాటిన్, తర్వాత ఏటీపీ బయటపడ్డాయంటే ఆ కొలత చేతిలో ఉండబట్టే. మాలిబ్డేట్‌తో నీలిరంగు తెప్పించే అదే సూత్రం మీద నేటికీ భూసార పరీక్షల్లో భాస్వరాన్ని కొలుస్తున్నారు. మన పరిశోధనలకు ఆయన ఆదర్శమని వేదికల మీద చెప్పుకునేవాళ్లం ఆ వరసను కూడా ఆయన దగ్గరే నేర్చుకోవాలి. ఆయన చేతిలో కొలత ముందు వచ్చింది, మందు ఆ తర్వాత వచ్చింది.

కొలవకపోతే ఏమవుతుందో పటాన్‌చెరు చెప్పింది. స్వీడన్‌కు చెందిన యోకిమ్ లార్సన్ బృందం 2007లో ప్రచురించిన అధ్యయనంలో, అక్కడి మందుల కర్మాగారాల వ్యర్థజలాన్ని శుద్ధి చేసే ఉమ్మడి కేంద్రం నుంచి బయటికి వస్తున్న నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉందని తేలింది. జబ్బుపడిన మనిషి రక్తంలో ఉండే మోతాదు కన్నా అది ఎన్నో రెట్లు ఎక్కువ. శుద్ధి కేంద్రం ఉంది, అందులో సూక్ష్మజీవులూ ఉన్నాయి, నీరు శుద్ధి అవుతోందన్న కాగితాలూ ఉన్నాయి. కాగితం మీద లేనిది ఆ ఒక్క మందు కొలతే. ఎందుకంటే అప్పటి ప్రమాణాల్లో యాంటీబయాటిక్ ఎంత ఉండొచ్చన్న నిబంధనే లేదు. బ్యాక్టీరియాను చంపే మందు అంత మోతాదులో నిత్యం పారుతుంటే అక్కడి మట్టి నేర్చుకునే పాఠం మందును తట్టుకోవడమే. ఆ పాఠమూ ప్లాస్మిడ్ల మీదే చేతులు మారుతుంది. పురుగుమందును విరిచే జన్యువు పంచుకోవడం మనకు మేలైతే, మందును తట్టుకునే జన్యువు పంచుకోవడం మనకు కీడు. మట్టి ఈ రెండు పనులూ ఒకే తీరున చేస్తుంది. ఎప్పుడు ఏది చేస్తోందో పరీక్షించి తెలుసుకోవాల్సింది మనమే.

ఈ ప్రశ్న కోనసీమ చెరువు గట్ల దాకా వచ్చింది. 2009లో వెనామీ రొయ్యకు దేశంలో అనుమతి వచ్చాక ఆంధ్ర తీరంలో చెరువులు విస్తరించాయి. వాడకూడని యాంటీబయాటిక్ అవశేషాలు దొరికి భారత రొయ్యల సరుకు విదేశీ రేవుల్లో తిరస్కరణకు గురైన సందర్భాలు పెరగడంతో ఐరోపా సమాఖ్య 2016లో తనిఖీ చేసే సరుకు వాటాను 10 శాతం నుంచి 50 శాతానికి పెంచింది. రొయ్యను విదేశంలో పరీక్షిస్తున్నారు. ఆ రొయ్య పెరిగిన చెరువు అడుగు మట్టిని ఇక్కడ ఎవరు పరీక్షిస్తున్నారు? ప్రాణవాయువు అందని చెరువు అడుగున టెట్రాసైక్లిన్ తరహా మందులు నెలల తరబడి నిలవగలవు. పంటకూ పంటకూ మధ్య చెరువు ఎండగట్టి దున్నే రైతు, ప్రయోగశాల భాషలో చెప్పాలంటే, అడుగు మట్టికి గాలి అందించి బ్యాక్టీరియాకు పని కల్పిస్తున్నాడు. పంట వెంట పంట వేసే తొందరలో ఆ విరామం తగ్గించేవారు ఆ పనిని మధ్యలో ఆపేస్తున్నట్టే.

సీసాలో ఉన్నదంతా శక్తి కాదు

ఇక్కడ మొదటి అభ్యంతరం వస్తుంది. సూక్ష్మజీవులు అంత సమర్థమైనవైతే వాటిని కొని చల్లుకుంటే సరిపోదా, బజారులో ప్రోబయోటిక్ డబ్బాలూ, జీవన ఎరువులూ దొరుకుతూనే ఉన్నాయి కదా, మళ్లీ ప్రయోగశాల ఎందుకు? ఈ ఆశకు చాలా పేరున్న పూర్వగాథే ఉంది. బెంగాల్‌లో పుట్టిన ఆనందమోహన్ చక్రవర్తి అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ సంస్థలో ఉండగా ముడిచమురులోని రకరకాల భాగాలను ఒంటిచేత్తో విరిచే సూడోమోనాస్‌ను రూపొందించారు. దాని మీద పేటెంటు కోసం నడిచిన వ్యాజ్యంలో 1980లో అమెరికా సుప్రీంకోర్టు ఆయనకు అనుకూలంగా తీర్పిచ్చింది. జీవసాంకేతిక పరిశ్రమకు ఆ తీర్పు పునాది అయింది. ఆ బ్యాక్టీరియా మాత్రం సముద్రం మీద తేలే చమురును శుభ్రం చేసిన దాఖలా లేదు. 1989 మార్చిలో అలాస్కా తీరంలో ఎగ్జాన్ వాల్డెజ్ ఓడ నుంచి దాదాపు 4 కోట్ల లీటర్ల ముడిచమురు ఒలికినప్పుడు పనికొచ్చింది ఎరువు. తీరపు రాళ్ల మీద నూనె తినే బ్యాక్టీరియా ముందే ఉన్నాయి. తినడానికి కర్బనం కుప్పలుగా ఉంది కానీ ఒళ్లు కట్టుకోవడానికి నత్రజని, భాస్వరం చాలలేదు. ఆ రెండూ అందించగానే నూనె విరిగే వేగం స్పష్టంగా పెరిగింది. నూనె పడిన నేలను బాగుచేసేవారు కర్బనం 100 పాళ్లకు నత్రజని 10, భాస్వరం 1 ఉండేలా చూసుకోవాలని లెక్క వేసుకుంటారు. సుబ్బారావు కొలిచిన భాస్వరమే ఇక్కడా నిర్ణాయకం.

బయటి నుంచి తెచ్చిన బ్యాక్టీరియా ఎప్పుడూ పనిచేయదని దీని అర్థం కాదు. టెరి సంస్థ తయారుచేసిన ఆయిల్‌జాపర్ అనే బ్యాక్టీరియా మిశ్రమాన్ని చమురు బావుల దగ్గర పేరుకుపోయిన నూనె మడ్డిని శుద్ధి చేయడానికి వాడుతున్నారు. అందుకోసం ఓఎన్‌జీసీతో కలిసి ఒక ఉమ్మడి సంస్థే ఏర్పడింది. అక్కడ అది పనిచేస్తోందంటే కారణాలున్నాయి. ఎంత మడ్డి ఉందో ముందే కొలుస్తారు, పోషకాలు కలుపుతారు, గాలి తగిలేలా నేలను తిరగేస్తారు, నూనె శాతం ఎంతకు దిగిందో మళ్లీ మళ్లీ పరీక్షిస్తారు. ఆ నాలుగూ లేకుండా డబ్బా మూత తీసి చల్లితే మరుగుతున్న పాలలో తోడు వేసినట్టే. పెరుగు తోడుకోలేదని తోడును తిట్టి లాభం లేదు. పైగా కొత్తగా వచ్చిన బ్యాక్టీరియా ఆ మట్టిలో అప్పటికే స్థిరపడిన కోట్ల జీవాలతో తిండికి పోటీపడాలి, వాటిని వేటాడే ప్రోటోజోవాను తప్పించుకోవాలి. ఎక్కువసార్లు అది కొద్ది వారాల్లో కనుమరుగవుతుంది. పొలంలో ఫలితం కనిపించినా అది డబ్బాలోని బ్యాక్టీరియా గొప్పతనమా, నేలలో సహజంగా ఉన్నవాటి పనా అన్నది పరీక్ష చేయకుండా చెప్పలేం.

ఆ పరీక్ష ఎలా చేస్తారో తెలిస్తే ఈ వాదన ఇంకాస్త స్పష్టమవుతుంది. కలుషితమైన నేల నుంచి మట్టి తెచ్చి, ఖనిజ లవణాలు తప్ప ఇంకే ఆహారమూ లేని ద్రవంలో వేస్తారు. కర్బనం కోసం ఆ కాలుష్య పదార్థం ఒక్కటే అందిస్తారు. దాన్ని తినగలిగినవే బతుకుతాయి, పెరుగుతాయి. కొన్ని రోజులకోసారి కొంచెం తీసి కొత్త ద్రవంలోకి మారుస్తూ పోతే చేతకానివి తప్పుకుని చేతనైనవి మిగులుతాయి. పక్కనే ఇంకో సీసాలో అదే మట్టిని ఆటోక్లేవ్‌లో ఉడికించి, జీవం లేకుండా చేసి, అదే మోతాదు కాలుష్యాన్ని కలిపి ఉంచుతారు. మొత్తం ప్రయోగానికి ప్రాణం ఆ రెండో సీసానే. ఎండకూ గాలికీ నీటికీ కొంత పదార్థం దానంతటదే విరిగిపోతుంది, కొంత ఆవిరైపోతుంది, కొంత మట్టి రేణువులకు అంటుకుని లెక్కకు చిక్కదు. ఉడికించిన మట్టిలో తగ్గినదాన్ని బతికున్న మట్టిలో తగ్గినదాంట్లోంచి తీసేస్తే మిగిలిందే సూక్ష్మజీవుల వాటా. డబ్బా మీద రాసే ‘నూటికి తొంభై శాతం తగ్గింపు’ లాంటి అంకెల వెనక ఈ రెండో సీసా ఉందా అని అడిగే అలవాటు మన రైతుకూ, వ్యాపారికీ, అధికారికీ రావాలి. ఇంకో పరిమితి కూడా గుర్తుంచుకోవాలి. మట్టిలోని బ్యాక్టీరియాలో పళ్లెం మీద పెంచడానికి లొంగేవి బహు కొద్ది. అందుకే ఇప్పుడు మట్టి నుంచి నేరుగా డీఎన్ఏ తీసి ఎవరెవరున్నారో చదువుతున్నారు. పేర్లు తెలిసినంత మాత్రాన పని జరుగుతోందని చెప్పలేం కాబట్టి, కాలుష్యం ఎంత తగ్గిందన్న రసాయన పరీక్ష ఎప్పటికీ తప్పదు.

మునిగే నేల, ఆరే నేల

ఎక్కడో జరిగిన ప్రయోగాల ఫలితాన్ని తెచ్చి వాడుకుంటే చాలదా అనేవారికి కోనసీమ నేలే జవాబు చెబుతుంది. గౌతమి, వసిష్ఠ పాయల మధ్య ఏర్పడిన ఈ డెల్టాలో వరిమడి సార్వాకూ దాళ్వాకూ నెలల తరబడి నీటిలో ఉంటుంది. నిలవ నీటి కింద మట్టిలో ప్రాణవాయువు ఉండదు. క్లోరిన్ తగిలించి చేసిన పాతకాలపు మందులకు ఆ స్థితి కలిసొస్తుంది. 1967లోనే ఫిలిప్పీన్స్ ప్రయోగాల్లో, మునిగిన మట్టిలో బీహెచ్‌సీ చాలా వేగంగా తగ్గుతుందని తేలింది. ప్రాణవాయువు లేనిచోట బ్యాక్టీరియా ఆ అణువుల నుంచి క్లోరిన్‌ను ఊడబెరుకుతాయి. అదే మునిగిన మట్టిలో డీజిల్‌నో ముడిచమురునో పోస్తే కథ తిరగబడుతుంది. నూనె అణువును విరవడానికి ఎక్కువ బ్యాక్టీరియాకు ప్రాణవాయువు కావాలి, అది లేకపోతే పని నత్తనడకన సాగుతుంది. అంటే ఒకే ఎకరంలో ఒక విషం మునిగినప్పుడు, ఇంకొకటి ఆరినప్పుడు కరుగుతుంది. దాళ్వా కోతల తర్వాత కాలువలు కట్టేసి నేల నెర్రెలిచ్చే వేసవి నెలలు వృథా కాలం కావు. నూనె పడిన నేలకు చికిత్స చేసుకోవడానికి అవే అదను. రాజస్థాన్ ఎడారిలోనో అస్సాం తేయాకు తోటల పక్కనో సరిపోయిన చికిత్సను ఉన్నది ఉన్నట్టు ఇక్కడికి తెస్తే ఈ తడి, పొడి లెక్క తప్పుతుంది.

దీనికి ఉప్పు తోడవుతోంది. రాజోలు ప్రాంతంలో శంకరగుప్తం డ్రెయిన్ గుండా ఎగదన్నిన సముద్రపు నీటికి కొబ్బరి తోటలు మోడువారిన సంగతి అందరికీ తెలిసిందే. చెట్టు కనిపిస్తుంది కాబట్టి దాని చావు కనిపించింది. ఉప్పు పెరిగితే మట్టిలోని సూక్ష్మజీవుల పని కూడా మందగిస్తుంది, ఉప్పును ఓర్చుకునే వేరే జాతులు వాటి స్థానంలోకి వస్తాయి. కొత్తపేట ఎగువ లంకల్లోని మంచినీటి ఒండ్రులో ఒక మందు ఎన్నాళ్లకు విరుగుతుందో, అంతర్వేది వైపు ఉప్పు తగిలిన నేలలో అన్నాళ్లకే విరగాలని లేదు. కేవలం అరవై, డెబ్బై కిలోమీటర్ల మేరలో ఇన్ని రకాల నేలలున్న జిల్లాకు హైదరాబాద్ నుంచో బెంగళూరు నుంచో ఒకే అంకె పంపితే సరిపోదు.

విరగడం అంటే విషం పోవడమేనన్న భ్రమ కూడా వదులుకోవాలి. ఎండోసల్ఫాన్‌ను మట్టిలోని సూక్ష్మజీవులు ఎండోసల్ఫాన్ సల్ఫేట్‌గా మారుస్తాయి. అది అసలు మందుకు తీసిపోని విషం, పైగా ఇంకా ఎక్కువకాలం నిలుస్తుంది. 2011 మేలో సుప్రీంకోర్టు ఎండోసల్ఫాన్‌ను ఆపించింది కానీ అంతకు ముందు నేలలో పడినదాని లెక్క తీర్పుతో తీరదు. కేవలం ‘ఎండోసల్ఫాన్ తగ్గిందా’ అని మాత్రమే పరీక్షించినవాడు తగ్గిందనే రాస్తాడు, దాని బిడ్డ పక్కనే ఉన్న సంగతి పట్టించుకోడు. లోహాల విషయం మరీ మొండిది. సీసం, కాడ్మియం మూలకాలు, ఏ బ్యాక్టీరియా అయినా వాటిని విరవజాలదు. మహా అయితే వాటి రూపం మార్చి నీటిలో కరగకుండా కట్టడి చేయగలదు. సూక్ష్మజీవి సర్వరోగ నివారిణి అని ప్రచారం చేసేవారికి ఈ రెండు ఉదాహరణలు చాలు.

అంబాజీపేట చూపిన దారి

ఇదంతా పెద్ద నగరాల్లోని పెద్ద సంస్థల పని, మన స్థాయికి మించినదని అనేవారూ ఉన్నారు. అమలాపురానికి కూతవేటు దూరంలోని అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానం ఆ మాటను ఎప్పుడో తోసిపుచ్చింది. కొబ్బరిని పీడించే గానోడెర్మా తెగులు నేలలోని శిలీంధ్రం వల్ల వస్తుంది. దాని మీదికి నేలలోనే ఉండే ట్రైకోడెర్మా అనే మరో శిలీంధ్రాన్ని వేపపిండితో కలిపి పాదుల్లో వేయించడం అక్కడి ప్రయోగశాల ఏళ్లుగా చేస్తున్న పని. 2016లో పొల్లాచ్చి దగ్గర దేశంలో తొలిసారి కనిపించిన సర్పిలాకార తెల్లదోమ గోదావరి జిల్లాల కొబ్బరికి పాకి ఆకులను మసిబార్చినప్పుడు, బెంగళూరులోని జాతీయ వ్యవసాయ కీటక వనరుల సంస్థ గుర్తించిన ఐసేరియా అనే శిలీంధ్రాన్ని అంబాజీపేటలో పెంచి రైతులకు అందించారు. ఈ పనిలో మూడు మెట్లున్నాయి. పెద్ద సంస్థ సరైన జీవిని గుర్తించింది, స్థానిక ప్రయోగశాల దాన్ని ఇక్కడి గాలి తేమలో పరీక్షించి పెంచింది, రైతు ఎప్పుడు ఎంత చల్లాలో తెలుసుకుని వాడాడు. తెగులు, పురుగుల విషయంలో సాధ్యమైన ఈ వరస కాలుష్యం విషయంలో ఎందుకు సాధ్యం కాదు?

డబ్బు చాలదన్న అభ్యంతరం బరువైనదే. మందుల అవశేషాలను కొలిచే గ్యాస్ క్రొమటోగ్రాఫ్ లాంటి పరికరాలు లక్షల్లో ఉంటాయి, వాటిని నడిపే చేతులు కావాలి, గ్యాస్ సిలిండర్లూ ప్రమాణ రసాయనాలూ ఏటా కొనాలి. అలాంటిది ప్రతి మండలానికీ అక్కర్లేదు, జిల్లాకు ఒకటి చాలు. దానికి కింది మెట్టుగా చవక పరీక్షలు చాలా ఉన్నాయి. మట్టి శ్వాసించి వదిలే కార్బన్ డయాక్సైడ్‌ను క్షారంలో పట్టి టైట్రేషన్ చేస్తే అందులోని జీవం చురుకుదనం తెలుస్తుంది. రంగులేని ఒక రసాయనాన్ని మట్టిలోని డీహైడ్రోజినేజ్ ఎంజైములు ఎర్రగా మార్చే తీరును బట్టి అదే సంగతిని ఇంకో దారిలో చూడవచ్చు. ఇవి డిగ్రీ కళాశాల సూక్ష్మజీవశాస్త్ర ప్రయోగశాలలో, ఫార్మసీ విద్యార్థుల చేతుల మీదుగా జరగగల పనులు. అమలాపురం చుట్టుపక్కల డిగ్రీ, ఫార్మసీ, వైద్య కళాశాలలు ఉన్నాయి. ఏటా ప్రాజెక్టుల పేరిట రాసి అటకెక్కించే పుస్తకాల బదులు ఒక్కో బృందం ఒక్కో ఊరి మట్టిని ఒకే పద్ధతిలో పరీక్షించి లెక్క నమోదు చేస్తే అయిదేళ్లలో జిల్లాకు ఒక పటం తయారవుతుంది.

ఇప్పటికే భూసార పరీక్షలు జరుగుతున్నాయి కదా అనవచ్చు. 2015లో మొదలైన సాయిల్ హెల్త్ కార్డులో 12 అంశాలుంటాయి. నత్రజని, భాస్వరం, పొటాష్, గంధకం, అయిదు సూక్ష్మపోషకాలు, ఉదజని సూచిక, లవణ పరిమాణం, సేంద్రియ కర్బనం. పంటకు ఏం వేయాలో చెప్పడానికి అవి అవసరమే. పురుగుమందు అవశేషం, నూనె, యాంటీబయాటిక్, బతికున్న సూక్ష్మజీవుల సంగతి అందులో ఒక్క గడిలోనూ లేవు. నియోజకవర్గాల్లో వచ్చిన అగ్రి ల్యాబ్‌లు విత్తనం, ఎరువు, పురుగుమందు నాణ్యతను చూడడానికి పెట్టినవి. మందు అసలైనదా నకిలీదా అని చెబుతాం, ఆ మందు నేలలో పడ్డాక ఏమైందో చెప్పం. భవనం ఉంది, సిబ్బంది ఉన్నారు. పరీక్షల జాబితా పెంచడానికే మనసు కావాలి.

చివరి అభ్యంతరమే అన్నిటికన్నా గట్టిది. సూక్ష్మజీవులు శుభ్రం చేస్తాయన్న మాట కాలుష్యం చేసేవారికి అనుమతి పత్రంలా మారదా? కచ్చితంగా మారగలదు, కొలత లేకపోతే. ‘బయోరెమెడియేషన్ చేశాం’ అన్న ఒక్క వాక్యంతో బాధ్యత దులుపుకోవడం తేలిక. ముందు ఎంతుంది, తర్వాత ఎంతుంది, పక్కనున్న మామూలు నేలలో ఎంతుంది అన్న మూడు అంకెలు బయటపెట్టాల్సి వస్తే ఆ వాక్యం నిలబడదు. అందుకే పరీక్ష చేసేవారు కాలుష్యం చేసినవారి జీతగాళ్లు కాకూడదు. కేంద్ర పర్యావరణ మంత్రిత్వ శాఖ 2025 జులైలో కలుషిత స్థలాల నిర్వహణ నియమాలను ప్రకటించింది. అనుమానం ఉన్న స్థలాలను గుర్తించి ఆరు నెలలకోసారి నివేదించే బాధ్యతను జిల్లా యంత్రాంగం మీద పెట్టింది. కాలుష్య నియంత్రణ మండలి ప్రాథమిక పరిశీలన చేయాలి. రుజువైతే శుభ్రం చేసే ఖర్చు కాలుష్యకారుడిదే. చట్టం అడుగుతున్న మొదటి కాగితం జిల్లా నుంచి వెళ్లాలి. కొలిచే సాధనం లేని జిల్లా ఆ కాగితంలో ఏం రాస్తుంది? ‘ఫిర్యాదులేవీ అందలేదు’ అనే రాస్తుంది.

కాబట్టి అడగాల్సినవి మూడు. ఒకటి, అమలాపురంలో అవశేషాలను కొలిచే ఒక్క పూర్తిస్థాయి ప్రయోగశాల, దానికి అనుబంధంగా కళాశాలల్లో చవక పరీక్షల గొలుసు. రెండు, చమురు, గ్యాస్ పనులు జరిగే ప్రతి చోటా పని మొదలుకాకముందే మట్టి నమూనా తీసి భద్రపరచడం. ప్రమాదం జరిగాక ముందరి స్థితి ఏమిటని వాదించుకోవాల్సిన అవసరం అప్పుడు రాదు. మూడు, వచ్చిన అంకెలన్నీ తెలుగులో గ్రామ సచివాలయం గోడకెక్కించడం. ఈ మూడింటిలో కొత్తగా కనిపెట్టాల్సిన శాస్త్రం ఒక్కటీ లేదు. 2022 ఏప్రిల్ 4న కోనసీమ సొంత జిల్లా అయింది. కలెక్టరేటు వచ్చింది, కార్యాలయాలు వచ్చాయి. ఈసారి మీ ఊళ్లో గ్రామసభ పెట్టినప్పుడు రోడ్డు, డ్రెయిను, పింఛన్ల జాబితాతో పాటు ఇంకో ప్రశ్న కూడా మినిట్స్‌లో రాయించండి: మా ఊరి మట్టిలో ఏముందో ఎప్పుడు పరీక్షిస్తారు?